మాడు వాసన

కుక్కర్ మూత బిగించి, ఆవిరి ముల్లు పైకెక్కడం చూస్తూ నిలబడ్డాడు బాబాయ్. వంటింటి కుక్కర్ కాదది, నడుమెత్తు ఇనుప పీపా. పరిశోధనశాలలో వాడేసిన గాజు పళ్లేలు, గొట్టాలు, వాటిలో పెంచిన బ్యాక్టీరియా అన్నీ చివరికి అందులోకే చేరతాయి. "కుక్కర్ బాబాయ్ చేతిలో పడితే బతికి బట్టకట్టిన క్రిమి లేదు" అని కుర్ర డాక్టర్లు ఆటపట్టిస్తారు. ఒకటుందని వాళ్లకేం తెలుసు, పాపం! ఫ్రిజ్ అడుగు అరలో, ఖాళీ సీసాల వెనక, ఓ గాజు గొట్టంలో దాన్ని తనే దాచాడు.

అక్క ముక్కులోంచి తీసిన బ్యాక్టీరియా అది. అక్క పోయింది, అది మిగిలింది.

తల్లి లేని ఈయన్ని పెంచింది అక్కే. ఏళ్ల తరబడి ఆవిడకి ముక్కులో చీము, కళ్ల వెనక నొప్పి, నోటితోనే ఊపిరి. మందులు మింగినన్నాళ్లూ తగ్గేది, మానగానే మళ్లీ మొదలు. నీళ్లతొట్టికి పట్టిన పాచిలా ఆ బ్యాక్టీరియా లోపల జిగురు గోడ కట్టుకుందనీ, మందు దాని మీంచి జారిపోతోందనీ పరిశోధనశాల డాక్టరమ్మ చెప్పింది. బ్యాక్టీరియాని చంపే ఫేజ్ అనే వైరస్ మురుగునీళ్లలో దొరుకుతుందట. దాని ఎంజైమ్ ఆ జిగురుని కరిగిస్తుందట.

"మురుగునీళ్లా! నా ముక్కులోనా!" అని నోరు నొక్కుకుంది అక్క. అంతలోనే నవ్వేసింది. "పోన్లెండి, నాకు వాసన తెలిస్తేగా."

వాసన తెలియకే ఆవిడకి పొయ్యంటే బెంగ. పక్కగదిలో నడుం వాల్చి కూడా, "ఒరేయ్, ఏదైనా మాడుతోందా?" అని అడిగేది. ఆ ఇంటికి ముక్కు తమ్ముడే. "లేదక్కా" అనేవాడు.

ఆ బ్యాక్టీరియా మీదే ఫేజ్‌ని పెంచి, చుక్కల మందు తయారుచేశారు. అది చేతికందే లోపే జబ్బు మెదడుకి పాకి అక్క కన్నుమూసింది. అయినా రోజూ సాయంత్రం ఈయన పొయ్యి వెలిగించగానే పక్కగదిలోంచి అదే ముక్కు పట్టేసిన గొంతు. "లేదక్కా, పడుకో" అంటాడు. ఆ గొంతంటే భయం లేదు. అది ఆగిపోతుందేమోనని భయం. గొట్టంలోది బతికున్నంత కాలం అక్క పూర్తిగా పోలేదని ఆయన నమ్మకం, ఎవరేమనుకుంటే ఏం?

డాక్టరమ్మ ఫ్రిజ్ సర్దుతూ సీసాల వెనక చెయ్యిపెట్టింది. గొట్టం బయటికి తీసి, దాని మీది చీటీ చదివింది.

"బాబాయ్, దీని పని అయిపోయిందని ఎప్పుడో చెప్పాను కదా. మందు పెంచడానికి ఇప్పుడు వేరేది వాడుతున్నాం. జబ్బు చేసే దాన్ని ఊరికే ఉంచకూడదు."

"ఆవిడది బతికున్నది ఇదొక్కటేనమ్మా."

"ఆవిణ్ణి తీసుకుపోయింది కూడా ఇదే కదా."

తెలియదా ఏం? ఎన్నిసార్లు ఆ గొట్టాన్ని పట్టుకుని "నీ దుంపతెగ" అని తిట్టి, మళ్లీ జాగ్రత్తగా చలిలో పెట్టాడో! బాబాయ్ చేతులు తుడుచుకున్నాడు.

"కుక్కర్‌లో మాత్రం వద్దమ్మా. ఆ చుక్కలు వెయ్యండి. ఆవిడకి అందలేదు, దీనికైనా అందనివ్వండి."

డాక్టరమ్మ కాదనలేదు. కొత్త పోషక ద్రవం పోసి వెచ్చగా ఉంచి, గొట్టం మజ్జిగలా తెల్లబడ్డాక చుక్కలు వేసింది. బాబాయ్ తన పని తాను చేసుకుంటూ మధ్యమధ్య వెళ్లి చూశాడు. మొదట గోడనున్న జిగురు ఊడి తీగలు తీగలుగా దిగింది. సాయంత్రానికి గొట్టంలోంచి అవతలి కిటికీ కనిపించింది. అక్క ముక్కు ఒక్కరోజైనా ఇలా తెరుచుకుని ఉంటే! ఆయనకి ఏడుపొచ్చింది. దాన్ని దాచుకోవాలనిపించలేదు.

ఇంటికెళ్లి పాలు పొయ్యి మీద పెట్టి, పక్కగది వైపు తిరిగి, ఆ గొంతు కోసం కూర్చున్నాడు. పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. కట్టెయ్యలేదు. అడుగంటాయి. మాడు వాసన వంటిల్లు దాటి పక్కగదిలోకి వెళ్లింది. ఖాళీ మంచం మీదా, మడతపెట్టిన దుప్పటి మీదా పొగ కమ్మింది.

"మాడుతోందక్కా" అన్నాడు, తనే ముందుగా.

ఎవరూ పలకలేదు. కాసేపటికి లేచి పొయ్యి కట్టేసి, పక్కగది తలుపు దగ్గరగా వేసి, వీధరుగు మీదికి వెళ్లి కూర్చున్నాడు. పొయ్యి మీద గిన్నె అడుగున నల్లటి పెచ్చు చల్లారుతూ చిటపటలాడింది.