స్ట్రిప్పులో మిగిలినవి

సెలైన్ సీసా సగానికి దిగింది. చెల్లెలి జ్వరం మాత్రం దిగనంటోంది.

వార్డు నిండా ఫ్యాక్టరీ వాళ్లే. మొన్న మధ్యాహ్నం క్యాంటీన్‌లో తిన్నవాళ్లందరికీ ఒకటే వాంతులు, విరేచనాలు. అందరికీ ఒకే మందు ఎక్కుతోంది. ఆ సీసా మీద పేరు చూసినప్పటి నుంచీ మంచం పక్కన కూర్చున్న మాత్రలక్క మనసు కుదుటపడలేదు.

క్యాంటీన్‌లో కూరగాయలు తరగడం ఆమె పని. వేళ్ల చివర్లు ఎప్పుడూ నీళ్లలో నాని ముడతలు పడి ఉంటాయి. కత్తి పిడి ఒరుసుకుని చూపుడు వేలు కాయ కట్టింది. మాత్రలక్క అని పేరు పెట్టింది చెల్లెలే. ఎవరికి నలత చేసినా అక్క సంచిలోంచి బిస్కెట్ల రేకు డబ్బా బయటికొచ్చేది. జబ్బు కాస్త తగ్గగానే మాత్రలు ఆపేసి, మిగిలినవి అందులో దాచి, అడిగినవాళ్లకల్లా రెండేసి పంచేది. అదే తను చేసిన పుణ్యం అనుకునేది.

మొన్న పొద్దున ఆమెకే కడుపు పాడైంది. రెండు మింగింది. కాస్త నెమ్మదించింది. సెలవు పెడితే వంటాయన చిందులు తొక్కుతాడని పనికెళ్లి, బుట్టెడు కీరాకాయలు తరిగింది.

"ఇంతకుముందు ఏమైనా మందులు వాడారా?" డాక్టరమ్మ అడిగింది.

"ఏం లేదండీ," అంది చెల్లెలు కళ్లు తెరవకుండానే. దుప్పటి కింద అక్క చెయ్యి గిల్లింది. డాక్టరమ్మ వినకుండా గొణిగింది. "నోరు మూసుకో. ఉద్యోగం పోతుంది మహాతల్లీ."

డాక్టరమ్మ నర్సుతో అంటోంది. "అరకొరగా మాత్రలు వాడితే క్రిమి మందును తట్టుకోవడం నేర్చుకుంటుంది, కానీ అలాంటిది చాలాసార్లు నీరసపడుతుంది. ఇది మందుకూ లొంగనట్టుంది, కోరలూ పోగొట్టుకోలేదు. ల్యాబు రిపోర్టు రేపు గానీ రాదు, అది చూడందే ఏ మందుకు మార్చాలో తెలీదు. ఈలోగా ఇదే ఇస్తూ ఉండండి."

"ఆ కోళ్లవాడేనండీ! మన క్యాంటీన్‌కు వాడు వేసిన సరుకే కుళ్లిపోయింది," గుమ్మంలోంచి వంటాయన అరిచాడు. అందరూ తలూపారు. మాత్రలక్క కూడా ఊపింది.

సాయంత్రం తడిబట్టతో చెల్లెలి పాదాలు తుడుస్తోంది. తుడుస్తుండగానే అవి చల్లబడ్డాయి. నర్సు పరుగున వచ్చింది, డాక్టరమ్మ వచ్చింది, ఎవరూ ఏమీ చేయలేకపోయారు.

చెల్లెల్ని తీసుకెళ్లాక నర్సు మరో సీసా పట్టుకుని పక్క మంచం వైపు కదిలింది. అదే మందు. ఆ మంచం మీద ప్యాకింగ్ సెక్షన్ పిల్ల మూలుగుతోంది.

"ఆపమ్మా! ఆ మందు పనిచెయ్యదు." మాత్రలక్క నర్సుకు అడ్డం వెళ్లింది. సంచిలోంచి డబ్బా తీసి ఖాళీ మంచం మీద పెట్టింది. "డాక్టరమ్మా, ఇందులో ఉన్నవీ అవే. ఏళ్ల తరబడి రెండేసి మింగాను, మింగించాను. మొన్న ఆ కడుపుతోనే కీరాలు తరిగాను. కోళ్లవాడు కాదమ్మా... నేనే."

డాక్టరమ్మ ఒక స్ట్రిప్పు తీసి పేరు చదివింది. "ఆ సీసాలన్నీ తీసెయ్యండి," అని నర్సును కేకేసి పరుగెత్తింది.

పక్క పరిచిన ఖాళీ మంచం మీద రేకు డబ్బా ఒక్కటే మిగిలింది, మూత మీద నవ్వుతున్న పాపాయి బొమ్మ సగం అరిగిపోయి.