అడుగు తగిలేదాకా

నేను ఒక ఐదు కిలోల ఇనప తూకపురాయిని. పోతపోసినప్పుడు నిండుగా ఐదు కిలోలే. హిమాచల్ కొండల్లో ఒక చిన్న బజారుకు చేరాక, దుకాణదారు ఛేరింగ్ నన్ను బోర్లించి అడుగున ఆకురాయితో రెండు వందల గ్రాములు గీకేశాడు. పదహారేళ్లు నాతో పిండీ పంచదారా తూచి అమ్మాడు. నేను సిగ్గుపడను. ఆ అబద్ధం నాది కాదు, ఆకురాయి పట్టిన చేతిది.

బజారుకు ఎగువన, మంచు కరిగి ఏటేటా పెరుగుతున్న సరస్సు ఉంది. దాన్ని కొలవడానికి ఒక బృందం వచ్చింది. ఉపగ్రహ పటంలో వెడల్పు ఉంది గాని లోతు లేదు. లోతు తెలియందే నీళ్లెన్నో తెలియదు. కట్టలా నిలిచిన మట్టీరాళ్ల దిబ్బ తెగితే వరద ఎందాకా వస్తుందో చెప్పలేరు. తెచ్చిన యంత్రం చలికి మొరాయించింది. బృందంలోని సర్వేయరు, పార్వతీపురం నుంచి వచ్చిన పైడిరాజు నన్ను ఛేరింగ్ దగ్గర అడిగి తెచ్చాడు. మీటరుకో ముడి వేసిన తాడుకు కట్టి, గాలిపడవ మీంచి వదిలాడు.

బృందం పెద్ద విశాలాక్షి నలభై మీటర్లుంటుందని అంచనా వేసుకుంది. నలభయ్యో ముడీ మునిగింది. నేను ఆగలేదు.

"తాడు పక్కకి పోతోందేమో చూడు పైడిరాజూ."

"నేదు మేడం, నిట్టనిలువునే దిగతంది. ఇంకా అడుగు తగల్నేదు."

డెబ్బయ్యొకటో ముడి దగ్గర బురదలో కూర్చున్నాను.

ఊరి సభలో కొత్త పటం పరిచారు. వరద ఎందాకా వస్తుందో చూపే ఎర్రగీత బజారును దాటిపోయింది. ముప్పై కుటుంబాలు పైగట్టుకు మారాలన్నారు. ఆ ఏడే బజారులో మేడ వేసుకున్న ఛేరింగ్ లేచాడు.

"ఆ రాయిని నమ్మకండి. రెండు వందల గ్రాములు తక్కువది."

వెనక వరసలోంచి యాంగ్‌జోమ్ అనే ముసలామె నిదానంగా అడిగింది.

"నీకెలా తెలుసు నాయనా?"

నవ్వులు సద్దుమణిగాక పైడిరాజు వివరించాడు. లోతు చెప్పేది తాడు ముడులు, రాయి పని అడుగు తాకడమే. ఛేరింగ్ అయినా కూర్చోలేదు. లోతు యాభై మీటర్లే వేసుకోమన్నాడు, పోనీ అరవై అన్నాడు. విశాలాక్షి డెబ్బయ్యొకటే ఉంచి పటం కింద సంతకం చేసింది. యాంగ్‌జోమ్ కర్ర అందుకుని, పైగట్టు ఇప్పుడే చూపించమంది. ఒక్కొక్కరే ఆమె వెంట లేచారు.

ఛేరింగ్ నన్ను తిరిగిమ్మని అడగలేదు. అడిగినా వెళ్లను. ఏటా సరస్సులోకి దిగుతాను. ఎవరి మేడ ఎక్కడుందో చూసుకుని ఆగడం నాకు చేతకాదు. అడుగు తగిలాకే ఆగుతాను.