వెనక గోడలో వైరు

ఉప్పల్‌లో ఉమామహేశ్వర్ గారి మేడ మీద గదికి వైరింగు చేస్తూ ఒక గురువారం మధ్యాహ్నం అబ్రహాం గోడలోని పైపులోకి స్టీలు తీగ దూర్చాడు. తీగ సగం దూరం పోయి ఆగిపోయింది. వెనక్కి లాగి మళ్లీ తోశాడు. అక్కడే ఆగింది. స్లాబు వేసిన రోజు పైపు వంపులోకి సిమెంటు దిగి గట్టిపడిందని అతనికి అర్థమైంది.

ఆ గది మీద ఉమామహేశ్వర్ గారికి చాలా ఆశ. కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లుగా ఇంజనీరుగా చేస్తున్నారు. సినిమాహాల్లోలా చుట్టూ చప్పుడు వినపడాలని ముందు మూడు స్పీకర్లు, వెనక రెండు. వాటి వైర్లన్నీ గోడల్లోంచే పోవాలి, ఒక్కటి కూడా బయటికి కనపడకూడదు. స్వయంగా బొమ్మ గీసి ఇచ్చారు. కరెంటు పైపుకీ స్పీకరు పైపుకీ మధ్య అడుగు ఎడం ఉండాలని ఎర్ర సిరాతో రాశారు కూడా. అబ్రహాం నాచారం చుట్టుపక్కల పన్నెండేళ్లుగా కరెంటు పని చేస్తున్నాడు, ఈ ఇంటి వైరింగూ అతనిదే గానీ ఇలాంటి గది చేయడం ఇదే మొదలు. అది తొంభై ఎనిమిదో సంవత్సరం.

"అన్నా, సిమెంటు మాలు కలిపిన. జర జల్ది కానీ," అన్నాడు మేస్త్రీ కనకరాజు, తాపీ పట్టుకుని నిలబడి.

"పైపు జామైంది. గోడ పగలగొట్టాలె."

కనకరాజు ఏదో అనబోయేలోపు కింద నుంచి ఉమామహేశ్వర్ గారి అమ్మ రాజేశ్వరమ్మ గారు కేకేశారు. "అబ్రహాం! మీ వాళ్లు ఫోన్ చేశారు. మీ ఆవిడకి నొప్పులొచ్చాయట, తార్నాక ఆస్పత్రికి తీసుకెళ్తున్నారట. నిన్ను వెంటనే రమ్మన్నారు!"

పెళ్లయిన ఎనిమిదేళ్లకు అబ్రహాం భార్య సువార్తమ్మ కడుపుతో ఉంది. అంతకు ముందు రెండుసార్లు కడుపు పోయింది. గోడ పగలగొట్టి కొత్త పైపు వేయాలంటే సాయంత్రం దాటుతుంది. ఉమామహేశ్వర్ గారేమో ఫ్యాక్టరీలో ఉన్నారు. మూసుకుపోయిన పైపు పక్కనే ఏసీ ప్లగ్గుకు పోయే పైపు ఉంది. అందులో కరెంటు వైర్లు అప్పటికే లాగి ఉన్నాయి. అబ్రహాం స్పీకరు వైరును దాంట్లోకే దూర్చాడు. వంపు దగ్గర బిగుసుకుంది. గోడకు కాలు తన్నిపెట్టి బలంగా లాగాడు. ఏదో గీసుకున్నట్టు చేతికి తెలిసింది. వైరు వచ్చేసింది.

"పూసెయ్," అన్నాడు కనకరాజుతో. సైకిలెక్కి తార్నాకకు పోయాడు.

చీకటి పడే వేళకు ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా బాగున్నారు. సార్‌తో రేపు చెబుదామనుకున్నాడు. మర్నాడు వెళ్లేసరికి గోడ నున్నగా పూసి ఉంది. చెబితే మళ్లీ పగలగొట్టమంటారు. ఇంకోరోజు చూద్దామనుకున్నాడు. ఆ తర్వాత గోడకు లేత నీలం రంగు కూడా వేశారు.

నెల దాటాక ఒక శనివారం ఉప్పల్ చౌరస్తాలో ఉమామహేశ్వర్ గారు కనిపించి స్కూటర్ ఆపారు. "రేపు పొద్దున సెట్టు వస్తోందయ్యా. సాయంత్రం వచ్చి విను," అన్నారు. అబ్రహాం సరేనన్నాడు. అప్పుడు కూడా పైపు సంగతి చెప్పలేదు.

ఆదివారం పిల్లను మొదటిసారి చర్చికి తీసుకెళ్లారు. ఆరాధన మొదలైన కాసేపటికి లౌడ్‌స్పీకరు గుయ్‌మని మోగసాగింది. మైకు సెట్టు చూసుకునే అబ్బయ్య లేచి వైర్ల వెంట వెతికాడు. ఫ్యాను వైరుతో పెనవేసుకుని ఉన్న స్పీకరు వైరును విడదీసి దూరంగా పెట్టాడు. చప్పుడు ఆగిపోయింది. అందరూ మళ్లీ పాట అందుకున్నారు.

అబ్రహాం మాత్రం పాడలేకపోయాడు. ఆ రోజు పైపులో వైరు గీసుకున్నది చేతికి మళ్లీ తెలిసినట్టయింది. గీసుకుపోయింది ఏ వైరు? స్పీకరు వైరు ఒకటేనా? ఏసీ వైరు తొడుగు కూడా చిరిగి ఉంటే? ఏసీ వేసినా వేయకపోయినా ఆ వైరులో కరెంటు ఉంటుంది. రెండూ తగిలితే స్పీకరు వైరు పట్టుకున్న మనిషి గతేంది?

లేచాడు. తల్లి లూర్దమ్మ చేయి పట్టుకుంది. "ఏడికిరా? ఇప్పుడు అయ్యగారు పిల్లకు ప్రార్థన జేస్తడు."

"నువ్వు చేయించు అమ్మా. నేను పోవాలె."

"గింత గాబరా ఏంది?"

సువార్తమ్మ పిల్లను ఒళ్లో పెట్టుకుని అతని ముఖమే చూస్తోంది. అతను ఆగకుండా బయటికి నడిచాడు.

రోడ్డు మీది బూత్ నుంచి సార్ ఇంటికి ఫోన్ చేశాడు. ఎంగేజ్. మళ్లీ చేశాడు. ఎంగేజ్. మూడోసారీ అంతే. సైకిలెక్కాడు. ఎదురుగాలికి చొక్కా ఉబ్బుతోంది. సార్ ఇంకా డబ్బాలే విప్పుతుంటారు, షాపు మనిషి ఇంకా వచ్చి ఉండడు అని తనకు తనే చెప్పుకున్నాడు. ఆ వెంటనే, ఇంత పొద్దెక్కింది, రాకుండా ఎట్లుంటడు అనుకున్నాడు. చౌరస్తాలో వరంగల్ బస్సు అడ్డంగా ఆగి ఉంటే సైకిలును చేతుల్తో ఎత్తి ఫుట్‌పాత్ మీద నుంచి దాటించాడు.

గేటు దగ్గర రాజేశ్వరమ్మ గారు ఎదురొచ్చారు. "నువ్వా నాయనా! మావాడు అరగంట నుంచి షాపువాళ్లతో ఫోన్లో గొడవ. వెనక స్పీకరు ఒకటి గుయ్‌మంటోందట. ఇప్పుడు తనే పైన ఏదో..."

అబ్రహాం మిగతాది వినలేదు. మెట్లు రెండేసి చొప్పున ఎక్కాడు.

ఉమామహేశ్వర్ గారు స్టూలు మీద నిలబడి ఉన్నారు. స్పీకరును తీసి కింద పెట్టారు. గోడలోంచి వచ్చిన వైరును చేతికి చుట్టుకుని, పొడవు చాలనట్టుంది, బయటికి లాగుతున్నారు. తర్వాత దాని చివర తొడుగు కొరకడానికి పళ్ల దగ్గరికి తీసుకెళ్లారు.

"సార్! వైరు ఇడ్వండి! ఇడ్వండి సార్!"

ఆ అరుపుకు ఆయన ఉలిక్కిపడి వదిలేశారు. అబ్రహాం అప్పటికే వరండాలోకి పరుగెత్తి మెయిన్ స్విచ్ దించేశాడు. ఫ్యాను తిరుగుడు నెమ్మదించి ఆగింది.

అంతా చెప్పేశాడు. పైపు మూసుకుపోవడం, దవాఖానా నుంచి ఫోన్, ఏసీ పైపులోంచి లాగడం. చెబుతున్నంతసేపూ నేలవంకే చూశాడు. ఉమామహేశ్వర్ గారు స్టూలు దిగి, టెస్టర్ తెచ్చి, మెయిన్ మళ్లీ వేయమన్నారు. స్పీకరు వైరుకు ఆనించారు. లోపల లైటు సన్నగా, వెలిగీ వెలగనట్టు మినుకుమంది.

"పక్కన కరెంటు వైరుంటే ఇలా వెలుగుతుంది. గుయ్‌మనేదీ అందుకే. నేరుగా తగిలి ఉంటే ఇంత మసకగా వెలగదు," అన్నారు. నీలం గోడ వంక చూశారు. "పగలగొట్టాల్సినంత లేదేమో."

అబ్రహాం అక్కడితో ఊరుకోవచ్చు. ఇంజనీరే అంటున్నారు. కానీ ఊరుకోలేకపోయాడు. "లేదు సార్. లాగినప్పుడు గీసుకుంది. నా చేతికి తెలిసింది. ఇప్పుడే పగలగొడ్త."

మెయిన్ దించి, ఉలి సుత్తి తీసుకున్నాడు. రంగు పెచ్చులు లేచి కొత్త సోఫా మీద పడ్డాయి. వంపు దగ్గర పైపును రంపంతో కోసి విడదీశాడు. ఇద్దరూ వంగి చూశారు. స్పీకరు వైరు తొడుగు వేలెడంత మేర చిరిగి ఉంది. ఏసీ ఎర్ర వైరు కూడా గీసుకుపోయి రాగి కనబడుతోంది. రెండు రాగి తీగల మధ్య పెన్సిలు గీతంత ఎడం కూడా లేదు. ఇంకొక్కసారి లాగి ఉంటే తగిలేది.

ఉమామహేశ్వర్ గారు నేల మీద చతికిలబడ్డారు. "పళ్లతో..." అని ఆగిపోయారు. ఆ వెంటనే గొంతు లేచింది. "ఆ రోజే ఎందుకు చెప్పలేదు? పురిటికి వెళ్లాలంటే వద్దంటానా? ఒకరోజు గోడ పూయకపోతే కొంపలేం మునిగేవి?"

"ఆ రోజు గాబరా సార్. తర్వాత భయం. రోజులు పోయినకొద్దీ ఎక్కువైంది."

"అమ్మ రోజూ ఈ గోడకే ఆనుకుని కూర్చుంటానంది, తెలుసా?"

అబ్రహాం చిరిగిన వైర్లను పైపులోంచి బయటికి లాగసాగాడు.

సోమ, మంగళవారాలు వెనక గోడకు వేరే గాడి కొట్టాడు. అడుగు కాదు, రెండడుగుల ఎడంగా కొత్త పైపు వేశాడు. ఉమామహేశ్వర్ గారు సెలవు పెట్టి పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. పైపు వేసిన ప్రతిచోటా వంగి చూశారు. మంగళవారం మధ్యాహ్నం సెట్టు పెట్టారు. స్పీకర్లలోంచి గదిలో వాన చప్పుడు కురిసింది. ముందు నుంచి, పక్కల నుంచి, వెనక నుంచి. రాజేశ్వరమ్మ గారు ఎవరో వచ్చారనుకుని వెనక్కి తిరిగి చూసి నవ్వారు. అబ్రహాం వాన వినలేదు. వాన మధ్యలో గుయ్ అనే చప్పుడు ఉందా అని వెనక స్పీకరు దగ్గర చెవి పెట్టి నిలబడ్డాడు. లేదు.

ఉమామహేశ్వర్ గారు సెట్టు ఆపారు. "ఇల్లంతా నువ్వు చేసిన వైరింగే. ఇలాంటిది ఇంకెక్కడైనా ఉందా?"

అబ్రహాం వెంటనే లేదనలేదు. వంటగది, హాలు, కింద రెండు గదులు, ఒక్కొక్కటే మనసులో తిరిగొచ్చాడు. "లేదు సార్."

ఆయన కుర్చీలోంచి లేచారు. "అయినా ఒకసారి స్విచ్ బోర్డులన్నీ విప్పి చూద్దాం."

"చూద్దాం సార్," అని అబ్రహాం స్క్రూడ్రైవర్ తీసుకుని వంటగదిలోకి నడిచాడు. ఆయన వెనకే వచ్చి బోర్డు పక్కన నిలబడ్డారు.