నడుముకి అలవాటైన బరువు

కాటన్‌వుడ్ రోడ్డు చర్చి గుమ్మంలో హార్లన్ పెట్రీ పందొమ్మిదేళ్ళుగా ప్రతి ఆదివారం నిలబడుతున్నాడు. అతని పని పెద్దదేమీ కాదు. వచ్చినవాళ్ళని కావలించుకోవాలి. చెయ్యి కలిపి ఊరుకోవడం, భుజం తట్టి పంపడం అతనికి చేతకాదు. రెండు చేతులూ చాపి, ఎముకలు కటుక్కుమనేట్టు కావలించుకుంటాడు. పాస్టరు ప్రసంగంలో నిద్రపోయేవాళ్ళు కూడా హార్లన్ కౌగిలింత కోసమే పొద్దున్నే లేచి వస్తారని ఊళ్ళో వేళాకోళం. మిగతా ఆరు రోజులూ గడ్డి కోసే యంత్రాలు బాగుచేసుకునే మనిషికి అది తక్కువ గౌరవమేమీ కాదు. పైకి ఒప్పుకోకపోయినా లోపల బాగానే పొంగిపోయేవాడు.

అలాంటి మనిషి నడుముకి తుపాకీ కట్టారు.

మూడు రాష్ట్రాల అవతల ఏదో చర్చిలో ఎవడో కాల్పులు జరిపాడని టీవీలో చెప్పిన వారమే గార్లండ్ స్టైల్స్ సమావేశం పెట్టాడు. గార్లండ్ డిప్యూటీ షెరీఫ్‌గా చేసి రిటైరయినవాడు. రిటైరయ్యాక భయపెట్టడానికి మనుషులు దొరక్క అల్లాడిపోతున్నాడు. చర్చికి రక్షక బృందం ఉండి తీరాలన్నాడు, పాస్టరు సరేనన్నాడు, ఐదుగురి పేర్లు రాశారు. మొదటి పేరు హార్లన్‌ది.

"గుమ్మంలో ఉండేది నువ్వే కదా బ్రదర్. తోడేలొస్తే ముందు నీకే కనపడుద్ది," అన్నాడు గార్లండ్.

"పందొమ్మిదేళ్ళ నుంచి నాకు గొర్రెలే కనపడుతున్నాయి మరి," అన్నాడు హార్లన్.

అందరూ నవ్వారు. నవ్వారు గాని పేరు మాత్రం కొట్టెయ్యలేదు.

"రెండు వారాలు తూటాలు లేకుండా ఇంట్లో కట్టుకు తిరుగు," అని చెప్పాడు గార్లండ్. "తిను, వంగు, గిన్నెలు కడుగు. అదొకటి ఉందని నీ ఒళ్ళు మర్చిపోవాలి. నువ్వు మర్చిపోతేనే పక్కవాడికి తెలీకుండా ఉంటది."

ఒళ్ళు అంత తొందరగా మర్చిపోలేదు. బూట్ల తాళ్ళు కట్టుకోవడానికి వంగితే పిడి పక్కటెముకల కింద పొడిచేది. సోఫాలో కూర్చుంటే తుంటి మీద నొక్కుకుని నీలంగా కమిలేది. చెమటకి తోలు ఒర తడిసి, గుర్రం జీను కంపు కొట్టేది. బాత్రూమ్‌కి వెళితే దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. ఏభై తొమ్మిదేళ్ళ మనిషి, ప్యాంటు మోకాళ్ళ దగ్గర, ఒళ్ళో పిస్తోలు! ఛీ, అనుకున్నాడు. ఒరతో సహా బిగించాలంటే పాత ప్యాంట్లు ఒక్కటీ పట్టలేదు. అన్నీ మూలపడేసి, నడుము రెండంగుళాలు పెద్దవి ఆరు జతలు కొన్నాడు.

"పెళ్ళయిన ముప్పై నాలుగేళ్ళకి నీకు నడుమనేది ఒకటుందని ఇప్పుడే తెలిసింది," అంది అతని భార్య జోలీన్. "ఎప్పుడు చూసినా దాన్నే తడుముకుంటావు. కొత్త పెళ్ళికొడుకులా ఏంటది?"

తడుముకోకూడదని అతనికీ తెలుసు. బయట తాకితే పట్టుబడిపోతావని గార్లండ్ మొదటి రోజే చెప్పాడు. అందుకని మోచేత్తో తాకడం నేర్చుకున్నాడు. హోటల్లో తలుపు కనపడే కుర్చీ ఏరుకోవడం నేర్చుకున్నాడు. మనుషుల మొహాలు చూసే ముందు వాళ్ళ చేతులు చూడడం నేర్చుకున్నాడు. శనివారాలు గార్లండ్ గరాజులో ఎడమ అరచెయ్యి ముందుకి చాపి, కుడిచేత్తో కోటు అంచు వెనక్కి తోసి, పిడి పట్టుకోవడం వందలసార్లు చేశాడు. పరిగెత్తాల్సి వస్తే అది జారి పడకుండా చేత్తో అదిమి పట్టుకోవడం కూడా చేశాడు. నాలుగో నెలకి బరువు తెలియడం మానేసింది. కిరాణా కొట్టులో పాల డబ్బాల ముందు నిలబడి, పక్కనున్న ముసలాయన జేబులో చెయ్యి ఎందుకు పెట్టాడా అని లెక్కలు వేస్తున్నప్పుడు ఒకసారి తనమీద తనకే అసహ్యం వేసింది. తర్వాత అదీ అలవాటైపోయింది.

ఒక్క కౌగిలింతే కుదరలేదు.

"దానికీ ఉపాయముంది," అన్నాడు గార్లండ్. "నీ చేతులు కింద నుంచి పోనీ. అప్పుడు ఎదుటోళ్ళ చేతులు నీ మెడ మీద పడతాయి. నడుం దాకా రావు."

పొడుగువాళ్ళ దగ్గర ఆ ఉపాయం పనిచేసింది. నెట్టీ క్రాబ్‌ట్రీ దగ్గర పనిచెయ్యలేదు. డెబ్భై ఎనిమిదేళ్ళ ఆవిడ నిండా ఐదడుగులు లేదు. చేతులు చాపితే అవి తిన్నగా హార్లన్ నడుముకే వస్తాయి. భర్త పోయి, ఒక్కతే ఉంటోంది; ఊళ్ళో అందరూ గౌరవంగా మిస్ నెట్టీ అంటారు. వారం మొత్తమ్మీద ఇంకో మనిషి ఒంటి వెచ్చదనం ఆవిడకి తెలిసేది ఆ గుమ్మంలోనే. ఇప్పుడు హార్లన్ ఆవిడని ఎడంపక్కకి తిప్పుకుని, భుజం మీద రెండు దెబ్బలు తట్టి, లోపలికి పంపేస్తున్నాడు.

మూడు ఆదివారాలు ఊరుకుని, నాలుగోసారి ఆవిడ అడిగింది.

"హార్లన్, నిజం చెప్పు నాయనా. నా దగ్గర ముసలి కంపేమైనా వస్తోందా?"

"అయ్యో, అదేం మాట మిస్ నెట్టీ! నడుం పట్టేసింది, అంతే."

ఆవిడ పాపం నమ్మింది. మర్నాడు నడుముకి రాసుకోమని కర్పూరం నూనె తెచ్చి ఇచ్చింది. ఆ సీసా చూస్తే హార్లన్‌కి తన మొహం మీద తనే ఉమ్మేసుకోవాలనిపించింది.

నెట్టీ ప్రతి ఆదివారం అతన్ని ఒకే మాట అడిగేది: "కొత్తవాళ్ళెవరైనా వచ్చారా?" ఆ కొత్తవాడు ఆవిడ కొడుకు లైల్. మత్తు మాత్రల గొడవలో జైలుకి పోయి, విడుదలయ్యాక తల్లికి మొహం చూపించలేక పదకొండేళ్ళుగా ఊరి మొహం చూడలేదు. ఏ చిరునామా తెలిస్తే ఆ చిరునామాకి ఆవిడ ఉత్తరాలు రాస్తూనే ఉంది. మొన్న వసంతంలో ఫోను చేశాడట. ఏదో ఒక ఆదివారం వస్తానేమో అన్నాడట.

"వాడు లోపలి దాకా రాడు హార్లన్, నాకు తెలుసు," అంది నెట్టీ. "గుమ్మం దాకా వచ్చి, సిగ్గుపడి వెనక్కి పోయే రకం. అక్కడ నువ్వు పట్టుకో. నీ చేతుల్లో పడ్డవాడు ఎవడూ ఊడిపోలేదు కదా. నన్ను పిలిచేదాకా వదలకు."

"వదల్ను మిస్ నెట్టీ. మాటిస్తున్నా."

జూన్ రెండో ఆదివారం. లోపల రెండో పాట మొదలైంది. మెట్ల మీద ఎండ మండిపోతోంది. వచ్చేవాళ్ళందరూ వచ్చేశారని హార్లన్ తలుపు మూయబోతుంటే, ఒక పాత ట్రక్కు వచ్చి, ముక్కు రోడ్డువైపు తిప్పి ఆగింది. అందులోంచి గడ్డం పెరిగిన మనిషి దిగాడు. ఆ ఎండలో మోకాళ్ళ దాకా వేలాడే గోధుమరంగు కాన్వాసు కోటు వేసుకున్నాడు. తల వంచుకుని, ఎవరి కళ్ళలోకీ చూడకుండా నడిచి వస్తున్నాడు. వేసవిలో కోటు, పారిపోవడానికి వీలుగా బండి, కలవని చూపు. గార్లండ్ చెప్పిన మూడు గుర్తులూ ఒక్కడిలోనే ఉన్నాయి.

అతను మెట్లెక్కి, పై మెట్టు మీద ఆగి, తల ఎత్తాడు. రెండు చేతులూ ఒంటి నుంచి కాస్త ఎడంగా, మొహమాటంగా లేపాడు. కౌగిలింత కోసం వచ్చిన మనిషి అలాగే లేపుతాడు. పందొమ్మిదేళ్ళుగా హార్లన్ చూస్తున్నదే అది.

హార్లన్ ఎడమ అరచెయ్యి ముందుకి వెళ్ళింది. కుడిచెయ్యి కోటు అంచు వెనక్కి తోసి, పిడి పట్టుకుంది. అలా చెయ్యాలని అతను అనుకోలేదు, చెయ్యి దానంతటదే చేసేసింది. ఆ ఒక్క క్షణం అతనికి భయమైనా వెయ్యలేదు. హాయిగా అనిపించింది. ఇన్ని నెలలు మోసినందుకు ఇవాళ పనిపడిందన్న హాయి. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ అతను ఎవరికీ చెప్పుకోలేకపోయింది ఆ హాయి గురించే.

వచ్చినతను అరచెయ్యి చూశాడు. తర్వాత నడుము చూశాడు. లేపిన చేతుల్నే ఇంకొంచెం పైకెత్తి, వేళ్ళు విడదీసి, భుజాల పక్కన పెట్టాడు. అదేం కొత్త కాదన్నట్టు, తొందర లేకుండా.

"సరే సార్, వెళ్ళిపోతున్నా. నా చేతుల్లో ఏం లేదు." వెనక్కి వెనక్కి ఒక్కో మెట్టూ దిగుతున్నాడు. "మా అమ్మ ఇక్కడికొస్తదని వచ్చా. అంతే. నెట్టీ క్రాబ్‌ట్రీ. వద్దులెండి, పిలవొద్దు. ఏం చెప్పొద్దు."

హార్లన్‌కి ఆ పేరు బుర్రకెక్కేసరికి అతను ట్రక్కుకి సగం దూరం చేరాడు.

"లైల్! ఆగు బాబూ! లైల్!"

అరుస్తూ మెట్లు దిగి పరిగెత్తాడు. పరిగెత్తేటప్పుడు అది జారకుండా అదిమి పట్టుకోవాలి కదా, పట్టుకున్నాడు. లైల్ వెనక్కి తిరిగి చూశాడు. తుపాకీ మీద చెయ్యి వేసుకుని, తన పేరు పెట్టి అరుస్తూ మీదికి వస్తున్న మనిషి కనపడ్డాడు. అంతవరకు నడుస్తున్నవాడు ఒక్కసారిగా పరుగందుకున్నాడు. తలుపు సరిగ్గా పడకుండానే ట్రక్కు కదిలి, కంకర చిమ్ముకుంటూ రోడ్డెక్కింది. ఆ కంకర కొంత వచ్చి హార్లన్ మోకాళ్ళకి తగిలింది. చెయ్యి ఇంకా పిడి మీదే ఉంది.

గార్లండ్ పక్క తలుపులోంచి బయటికి వచ్చాడు.

"కిటికీలోంచి అంతా చూశా బ్రదర్. శభాష్! పుస్తకంలో ఉన్నట్టు చేశావు."

"అతను నెట్టీ కొడుకు."

గార్లండ్ ఒక్క క్షణం తడబడ్డాడు. ఒక్క క్షణమే. "అది నీకెట్లా తెలుస్తది? ఆ కోటేంటి, ఆ వాలకమేంటి! ఎవరికీ దెబ్బ తగల్లేదుగా. ఇవాళ మంచి సాధనే అయింది అనుకో."

సాధన! హార్లన్ చర్చి గోడకి చెయ్యి ఆనించి, పొద్దున తిన్న రొట్టెలూ గ్రేవీ అంతా పూలమొక్కల్లో కక్కేశాడు. కక్కుతున్నంతసేపూ పిడి పక్కటెముకల్లో పొడుస్తూనే ఉంది. గార్లండ్ అతని వీపు నిమిరి, కంగారు తగ్గితే అలాగే అవుతుందని ధైర్యం చెప్పాడు.

ఆరాధన అయ్యాక నెట్టీ కర్ర ఊతంతో గుమ్మంలోకి వచ్చి, ఎప్పటిలాగే నవ్వుమొహంతో అడిగింది.

"కొత్తవాళ్ళెవరైనా వచ్చారా?"

అబద్ధం చెప్పడానికి సిద్ధంగానే ఉన్నాడు. కాని కర్పూరం నూనె గుర్తొచ్చి, నోరు రాలేదు. ఉన్నదున్నట్టు చెప్పేశాడు. అరచెయ్యి సంగతీ, పిడి సంగతీ, వెంటపడి పరిగెత్తిన సంగతీ.

ఆవిడ రెండు చేతులూ కర్ర మీద ఆనించింది.

"చిక్కిపోయాడా?"

"చిక్కిపోయాడు."

"గోధుమరంగు కోటు వేసుకున్నాడా? కాన్వాసుది?"

"అవును."

"వాళ్ళ నాన్నది. వీడు ఇల్లు వదిలి పోయేటప్పుడు అదొక్కటే పట్టుకుపోయాడు. ఇంకా దాచానని నాకు చూపిద్దామనుకుని ఉంటాడు." ఆవిడ కర్ర కొసతో గడపని ఒకసారి తట్టింది. "వచ్చే ఆదివారం నుంచి ఈ గుమ్మంలో నేను నిలబడతా. నువ్వు లోపల కూర్చో."

ఆ సాయంత్రం హార్లన్ తుపాకీ విప్పి, అల్మారా పైఅరలో దుప్పట్ల వెనక్కి తోసేశాడు. జన్మలో మళ్ళీ దాని మొహం చూడనని జోలీన్‌తో అన్నాడు.

సోమవారం ప్యాంటు జారిపోతుంటే ఎడంచేత్తో పట్టుకుని పనిచేశాడు. మంగళవారం పెట్రోలు బంకులో ఎవడో వెనకాల నిలబడితే, నడిరోడ్డు మీద బట్టల్లేకుండా నిలబడ్డట్టు ఒళ్ళంతా ముడుచుకుపోయింది. బుధవారం పొద్దున, ప్యాంటు నిలవడానికి, కేవలం ప్యాంటు నిలవడానికే, దుప్పట్లు పక్కకి జరిపాడు. ఒర ఒక్కటే కట్టుకుంటే ఖాళీగా వెలితిగా ఉంది. అది కూడా పెట్టేశాడు. శనివారానికి అది ఉన్నట్టే తెలియలేదు.

ఆదివారం నెట్టీ అన్నట్టే గుమ్మంలో నిలబడింది. కర్ర గోడకి ఆనించి, రెండు చేతులూ చాపి, వచ్చినవాళ్ళని వచ్చినట్టు కావలించుకుంటోంది. పొడుగువాళ్ళు వంగి మరీ ఆవిడ చేతుల్లోకి వస్తున్నారు. వరసలో హార్లన్ వంతు వచ్చింది. ఆవిడ అతన్ని వదిలేస్తుందేమో అనుకున్నాడు. వదలలేదు. అందరికీ చాపినట్టే చేతులు చాపింది. అతనికి కళ్ళు చెమర్చాయి. పందొమ్మిదేళ్ళు అందరికీ ఇచ్చిందే ఇప్పుడు తనకి కావలసి వచ్చింది. వంగి, ఆవిడ చేతుల్లోకి వెళ్ళాడు.

ఆవిడ చేతులు ఎప్పటిలాగే అతని నడుము చుట్టూ పడ్డాయి. కుడిపక్కకి వచ్చి ఆగిపోయాయి. కోటు మీంచే ఆ గట్టిదాన్ని వేళ్ళతో ఒకసారి తడిమింది.

అప్పుడు గాని అతనికి గుర్తు రాలేదు.

నెట్టీ చేతులు వెనక్కి తీసుకుని, గౌను మీద తుడుచుకుంది.

"లోపలికెళ్ళండి మిస్టర్ పెట్రీ," అంది. "వెనక జనం ఆగిపోయారు."