భుజం మీద చెయ్యి

పురిటికొచ్చి వెళ్లిన మా అమ్మాయి ఇక్కడ మర్చిపోయిన పసిదాని గుడ్డలు మడతపెడుతుంటే మా ఆయన పేపరు దించకుండానే అన్నారు, "అమ్మాయిని ఉద్యోగం మానెయ్యమను. నువ్వు చెప్తే వింటుంది."

ఆయన చెప్పాలా, నేను నెలనుంచీ అదే పాట. నా భయాలు నావి. సీసా పాలు పడకపోతే? ఆయా కునుకు తీస్తుంటే పిల్ల దొర్లి మంచం మీంచి పడితే? మా అమ్మాయి పెద్ద హోటల్లో ముందు కౌంటర్ దగ్గర నిలబడి వచ్చినవాళ్లకి గది తాళాలు ఇస్తుంది. పురిటి సెలవు ఇవాళ్టితో ఆఖరు. అల్లుడు మెత్తగానే అన్నాడట, నవ్వుతూ నిలబడ్డమేగా, దానికోసం బిడ్డని వదిలేస్తావా అని.

నవ్వుతూ నిలబడ్డమేగా. మా ఇంట్లో ఇది పాత మాటే. మా అమ్మ సినిమాల్లో చేసేది. ఎడమ భుజం మీద కుడి చెయ్యి, ఆ చేతి మీద గడ్డం, ఓరచూపు. ఆ బొమ్మ ఒకప్పుడు క్షవరం షాపుల్లో, లారీల్లో, క్యాలెండర్ల మీద ఎక్కడ చూసినా ఉండేది. మా ఆయన కూడా కుర్రతనంలో గది తలుపు వెనక అతికించుకున్నారట. నన్ను చేసుకున్నాక మాత్రం, నేను వెంట తెచ్చుకున్న అదే బొమ్మని బీరువా వెనక గోడకి తిప్పి పెట్టారు. భుజం మీద చెయ్యేసుకుని ఇకిలించడానికి జీతం కూడానా అని మా అత్తగారు వచ్చినవాళ్లందరి ముందూ అనేది. మాట పెరిగితే ఏమవుతుందోనని నేను టీ కప్పులు అందిస్తూ తలొంచుకునేదాన్ని.

ఇవాళ గుడ్డలు బీరువాలో పెట్టబోయి, పటం బయటికి లాగి కొంగుతో తుడిచాను. దాని కథ అమ్మ నాకెప్పుడో నవ్వుతూ చెప్పింది. గౌను బిగువుగా కనబడాలని పొద్దున్నే ఒంటిమీదే కుట్టేసేవారట. ఇక సాయంత్రందాకా కూర్చోవడం లేదు, మంచినీళ్లు లేవు, ఏటవాలు చెక్కకి ఆనుకోవడమే. ఈ ఫోటో తీసిన రోజు నెలల పిల్లనైన నేను మేకప్ గదిలో గుక్కపట్టి ఏడుస్తున్నానట. కుట్టే ఆవిడ భుజం దగ్గర దారం తెంపింది. అమ్మ నాకు పాలిచ్చింది. మళ్లీ కుట్టే వ్యవధి ఇవ్వకుండా ఫోటోకి పిలిచేశారు. విప్పిన కుట్టు కనబడకుండా అమ్మ దాని మీద చెయ్యి వేసుకుంది. మగవాళ్లంతా మురిసిపోయిన వయ్యారం అదీ.

పటాన్ని ముందుగదిలో, మా ఆయన కుర్చీకి ఎదురుగా మేకుకి తగిలించాను. ఎవరైనా వస్తే ఏం చెప్పను అన్నారు. "'మా అత్తగారు' అని చెప్పండి" అన్నాను. పటం తిన్నగానే కూర్చుంది.

అమ్మాయికి ఫోన్ చేసి కథంతా చెప్పాను. తర్వాత అన్నాను, "రేపు పొద్దున్నే మీ ఇంటికొచ్చి, పిల్లని ఎత్తుకుని నీతో హోటలుకి వస్తా. మీ ఆడవాళ్లు బట్టలు మార్చుకునే గదిలో కూర్చుంటా. ఏడిస్తే కబురు చేస్తా, వచ్చి పాలిచ్చి వెళ్లు."

"మేనేజర్ చూస్తే అమ్మా?"

చూస్తాడేమో, బయటికి పొమ్మంటాడేమో, అందరి ముందూ అంటాడేమో. అన్నీ నా కళ్లకు కట్టాయి.

"చూస్తే నేను మాట్లాడుకుంటా. కంగారులో గుండీ పెట్టుకోవడం మర్చిపోయావనుకో, అమ్మమ్మలాగా భుజం మీద చెయ్యి వేసుకుని నవ్వు."