నూతిలో పడని మొగుడు

నేను ఒక వారపత్రికను. నా ఒంటిమీద సిరా బొట్టయినా ఉండదు. దళసరి కాగితం మీద ఉబ్బిన చుక్కలే నా అక్షరాలు. కళ్ళున్నవాళ్ళు నన్ను తిరగేసి "ఖాళీ కాగితాలు" అని పక్కన పెడతారు. చూపులేనివాళ్ళు వేళ్ళతో తడిమి చదువుకుంటారు.

సిరాతో అచ్చయ్యే 'తొలికోడి' నాకు అక్క. ఆమెలో ఉన్నదంతా నాలోకి దింపే పని శ్రీపతిగారిది. వెన్నలాంటి మనిషి. ఆయన చదువుతూ మీటలు నొక్కుతుంటే మిషను టకటకా నన్ను పొడిచింది. అక్కదీ నాదీ ఒకటే పోలిక అనుకున్నాను. పుట్టినదానికి తన మొహం తనకేం తెలుస్తుంది?

విజయనగరంలో ఒక ఆఫీసులో టెలిఫోన్లు చూసే పైడితల్లికి చేరాను. ఆమెకు పుట్టుకతోనే చూపు లేదు. పక్కసీటు రత్నాలు మా అక్కను కొంటుంది. మధ్యాహ్నం క్యారేజీలు విప్పి మాలో వచ్చే సీరియల్ మీద వాదులాడుకోకపోతే ఇద్దరికీ ముద్ద దిగదు. ఆ వారం ఆఖరి భాగం.

"మొత్తానికి కనకం తాగుబోతు మొగుణ్ణి నూతిలోకి తోసేసిందే," అంది రత్నాలు.

పైడితల్లి నవ్వింది. "నీకేటి, మతి పోయిందా? అతను తాగుడు మానేశాడు. ఇద్దరూ సింహాచలం వెళ్ళి మొక్కు తీర్చుకున్నారు కదే."

"ఏ సింహాచలమే? ఇక్కడ శవం తేలిందని రాసుంటేను."

పైడితల్లి వేళ్ళు నా పేజీ మీదకొచ్చాయి. మళ్ళీ చదివాయి. సింహాచలమే. నా కడుపులో ఉన్నది అక్క కథ కాదని నాకూ అప్పుడే తెలిసింది.

వెంటనే నా అట్టమీదున్న నంబరుకు, శ్రీపతిగారికి ఫోను కలిపింది. ఆయన దాచలేదు.

"నేనే మార్చానమ్మా. మీ బతుకుల్లో చీకటి చాలదా, మళ్ళీ ఈ ఘోరాలు కూడానా అని..."

"ఎన్నాళ్ళ నుంచండీ?"

"మొదట్నుంచీనమ్మా, అక్కడక్కడా, కొంచెం కొంచెం. మీ మంచికే."

ఆమె ఫోను రెండో చెవికి మార్చుకుంది.

"మా నాన్న పోయినప్పుడూ ఇంతేనండి. ఊరెళ్ళాడన్నారు. దినం భోజనాల దగ్గర, పప్పు వడ్డించేవాళ్ళ మాటల్లో నాకు తెలిసింది. మీరూ మావాళ్ళేనన్నమాట."

ఫోను పెట్టేసింది.

"వంటల పేజీలో ఉప్పు కూడా తగ్గించాడేమో అడగాల్సిందే," అంది రత్నాలు. పైడితల్లి నవ్వలేదు. సంచిలోంచి చుక్కలు పొడిచే పలక, కడ్డీ తీసి, నా చివర మిగిలిన ఖాళీ కాగితాన్ని అందులో బిగించింది.

"చదువు. ఒక్క మాట మింగావంటే చూడు."

రత్నాలు చదివింది. నూతిగట్టు, ఒక తోపు, నీళ్ళ చప్పుడు, తెల్లారి తేలిన శవం, అన్నీ నాలోకి దిగాయి.

పైడితల్లి ఇచ్చేస్తే, ఇప్పుడు చూపులేనివాళ్ళ చదువుల గదిలో ఒక బీరువాలో ఉంటున్నాను. చదివేవాళ్ళు సింహాచలం దాకా వచ్చి, హమ్మయ్య అనుకుంటారు. ఆఖరి కాగితం దగ్గర వేళ్ళు ఆగిపోతాయి. ఆ తర్వాత నన్నెవరూ మూసెయ్యరు. మొదటి పేజీకి వెళ్ళి, వార్తల నుంచి వైద్య సలహాల దాకా, పుచ్చు వంకాయలు ఏరేటట్టు ఒక్కో వరుసా నొక్కి చూస్తారు.

వాళ్ళతో పాటు నన్ను నేనూ తడుముకుంటున్నాను.