జగ్గారావు పేరున తొంభై ఆరు

గాజువాక లారీ యార్డులో సర్వరు ఒకేసారి వంద కనెక్షన్లకు మించి పట్టదు. ఎన్ని ఉన్నాయో, ఎక్కడివో కనిపెట్టి చూడటం ఆశాజ్యోతి ఉద్యోగం. ఆ ఉదయం పదింటికే వందా నిండిపోయాయి. గేటు పాసులు రావడం ఆగిపోయి, పోర్టుకు పోవలసిన లారీలు రోడ్డు పొడవునా హారన్లు కొడుతున్నాయి.

మేనేజరు రమణమూర్తిగారికి కంప్యూటర్లలో తెలియనిదంటూ లేదు. ఆ సంగతి ఆయనొక్కరికే తెలుసు. ఆశాజ్యోతి ముందున్న తెర మీదికి వంగి చిటికె వేశారు.

“తొంభై ఆరు జగ్గారావు పేర్నే ఉన్నాయి! దొంగ దొరికీసాడు. ఇయ్యాలే ఇంటికి పంపించీండి.”

పాసులు రాసే జగ్గారావు గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఇరవై రెండేళ్ల సర్వీసు అతనిది. “నాను ఒక్కటే కదా బాబూ తెరిసింది?”

“ఒక్కటేటి? అక్కడ రాసుంది, కళ్ళు లేవేటి?”

రాసి ఉన్న మాట నిజమే. ఈ ఆఫీసుకు కంప్యూటర్లు వచ్చిన రోజున టైపు వచ్చినవాడు జగ్గారావు ఒక్కడే. అతని పేరుతోనే లాగిన్ పెట్టారు. తర్వాత వచ్చిన ప్రతివాళ్ళూ, మేనేజరుగారితో సహా, కొత్త పేరు పెట్టుకోవడానికి బద్ధకించి ఆ పేరుతోనే లోపలికి పోతున్నారు.

కిందటేడు లారీలు తూచే కాటా దగ్గరి తాయారును ఇలాగే పంపేసినప్పుడు ఆశాజ్యోతి నోరు విప్పలేదు. సంచీ భుజాన వేసుకుని గేటు దాటుతూ తాయారు వెనక్కి చూసిన చూపు ఇంకా ఆమెను వదల్లేదు.

“పేరు కాదండి సూడాల్సింది. ఏ కంప్యూటరు నుంచి వచ్చిందో పక్క గడిలో ఉంటాది,” అంది ఆశాజ్యోతి.

“సూడు మరి. ఆడి బల్లే ఉంటాది.”

“జగ్గారావు బాబాయ్ బల్ల నుంచి ఒకటి. కాటా నుంచి అయిదు. గేట్ల నుంచి పన్నెండు.” ఆమె చివరి గడి మీద వేలు పెట్టింది. “మీ కేబిన్ నుంచి డెబ్బై ఎనిమిది సార్.”

యార్డులో ఎన్ని లారీలున్నాయో చూడాలనిపించినప్పుడల్లా ఆయన కొత్త విండో తెరిచేవారు. పాతది మూసేవారు కాదు; విండోకో కనెక్షన్ లెక్క. పది రోజులుగా కంప్యూటరు ఆపనూ లేదు. ఆపితే పని చేస్తున్నట్టు కనబడదని ఆయన భయం.

“ఎవుడో హేక్ సేసాడు!” అన్నారు రమణమూర్తిగారు.

“జగ్గారావే సేసుంటాడు బాబూ, పేరు ఆడిదే కదా!” అన్నాడు పాసు కోసం వచ్చిన డ్రైవరు అప్పలసూరి. వెనక ఉన్నవాళ్ళు పకపకా నవ్వారు.

ఆశాజ్యోతి ఎవరినీ అడగకుండా ఆ డెబ్బై ఎనిమిదీ తెంపేసింది. ప్రింటరు కదిలి పాసులు రావడం మొదలైంది.

“నాను ఉండాలా, ఎల్లిపోవాలా?” అన్నాడు జగ్గారావు.

“పాసులు నీ తాత రాస్తాడేటి? కూకో!” అంటూ మేనేజరుగారు కేబిన్‌లోకి పోయి తలుపు వేసుకున్నారు. తప్పయిందన్న మాట ఆ నోట రాలేదు. వస్తుందని అక్కడ ఎవరూ ఎదురుచూడనూ లేదు.